ఐదు ముక్కలూ ఒక పెట్టె

కంప్యూటరు ఒక వస్తువు కాదు, ఆరు వస్తువులు పక్కపక్కన కూర్చుని జరుపుకునే సమావేశం మాత్రమే అని మొట్టమొదట కనిపెట్టినవారు మా ప్రాంతీయ అధికారి కోదండపాణి గారు. ఈ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టాలి కాబట్టి నేను రాస్తున్నాను.

నా పేరు చెంగల్రాయుడు. రాష్ట్ర చింత ఉత్పత్తుల అభివృద్ధి మండలి, మదనపల్లె ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా చేతికిచ్చిన ప్రభుత్వ వస్తువు ఒక్కటీ పోలేదు. ఒక స్టేప్లరు పోయిందని కొందరు అంటుంటారు. అది నాకంటే ముందున్నాయన హయాంలో పోయింది.

రోడ్ల పక్కనున్న చింతచెట్లను వేలం వెయ్యడం, పాడుకున్నవాళ్లు పండును మండీకి తోలుకోవడానికి రవాణా పర్మిట్ ఇవ్వడం మా మండలి పని. చెట్లు నాటేది ఇంకో శాఖ. నీళ్లు పోసేది దేవుడు. పది కిలోలకు లోపు పండైతే ఇంటివాడకం కింద లెక్క, పర్మిట్ అక్కర్లేదు. అంతకు మించితే మాత్రం మా ముద్ర లేనిదే చెక్‌పోస్టు దాటనివ్వరు. ఈ నిబంధన మా వరండా గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంటుంది. దాని కిందే అటెండరు ఎర్రప్ప సైకిలు ఆనిస్తాడు.

ఫిబ్రవరిలో హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట పర్మిట్లు చేత్తో రాయరాదు, కంప్యూటరులోనే ఇవ్వాలి, చేతిరాత పుస్తకాలు వెంటనే వెనక్కి పంపాలి అని. మేము ఆజ్ఞలకు లోటు చేసేవాళ్లం కాదు. పుస్తకాలన్నీ ఆ సాయంత్రమే కట్టకట్టి పంపేశాం. మాకు కంప్యూటరు లేదన్న సంగతి మర్నాడు గుర్తొచ్చింది.

సరిగ్గా ఆ మర్నాడే రెడ్డెమ్మ వచ్చింది. నిమ్మనపల్లె రోడ్డులో ఆరు చెట్లు పాడుకున్న మనిషి. నలభై ఏళ్లుంటాయి, చేతివేళ్లు చింతపీచు తీసీ తీసీ నల్లబడి ఉంటాయి. కాయ కోయించి, కొట్టించి, గింజ తీయించి నాలుగు క్వింటాళ్ల పండు సిద్ధం చేసుకుంది. పుంగనూరు మండీకి తోలాలి.

"పాకలో పెట్టుండా సార్. ఆ పాకకు సగమే కప్పుండాది. ఈ పండమ్మితే మిగతా సగం వేయించుకుంటా. వానొచ్చిందంటే పండు నల్లబడిపోతాది, మండీలో ఎవురూ ముట్టుకోరు" అంది.

వారంలో ఇచ్చేస్తామని చెప్పాను. అప్పుడు నాకు నిజంగా అలాగే అనిపించింది.

కంప్యూటరు కొనడానికి ముప్పై వేలు మంజూరై ఉన్నాయి. అయితే ఒక్కో వస్తువు వెల ఐదు వేలు దాటితే హెడ్డాఫీసు ద్వారా టెండరు పిలవాలి. టెండరంటే ఏమిటో మాకు తెలుసు. ఒక ఇనప బీరువా కోసం పిలిచిన టెండరు ఆరేళ్లకు తెమిలింది. ఆ బీరువాలో ఇప్పుడు ఆ బీరువా తాలూకు ఉత్తరప్రత్యుత్తరాలు పెట్టుకుంటున్నాం.

కోదండపాణి గారు రెండు రోజులు ఆలోచించి మమ్మల్ని పిలిచారు. మమ్మల్ని అంటే ఆఫీసు మొత్తాన్ని. ఆయన కాక మేం నలుగురం: సూపరింటెండెంటు ఇందుమతి గారు, నేను, ఎర్రప్ప, జీపు డ్రైవరు జిలానీ.

"కంప్యూటరు అనబడు వస్తువు నిబంధనావళిలో ఎక్కడా నిర్వచింపబడలేదు. కాగా దాని అంతర్భాగములు విడివిడిగా విపణిలో లభ్యమగుచున్నవి. ప్రతి అంతర్భాగమూ ఐదు వేలకు లోబడి ఉన్నచో టెండరు ప్రసక్తి ఉత్పన్నము కాదు" అన్నారు.

జిలానీ నా వైపు వంగి, "అంటే జీపును బోల్టు బోల్టుగా కొనుక్కున్నట్లా సార్" అన్నాడు. అవునన్నాను.

మా ఊళ్లోనే బెంగళూరు బస్టాండు దగ్గర ఖాదర్ వలీది కంప్యూటర్ల షాపు. కొనుగోలు కమిటీగా ఐదుగురమూ జీపులో వెళ్లాం. ఖాదర్ వలీ ఓపికస్తుడు. ఒక పెళ్లిపత్రిక వెనక జాబితా రాస్తూ మాకు అర్థమయ్యేలా చెప్పాడు. "వంటిల్లనుకోండి సార్. ప్రాసెసరనేది వంటమనిషి. ర్యామనేది కూరలు తరుక్కునే బండ. బండ చిన్నదైతే పని సాగదు. డిస్కు అటక, సరుకంతా దాంట్లో ఉంటాది. మదర్‌బోర్డు ఇల్లు. పవర్ సప్లై పొయ్యి. మిగిలింది పెట్టె, అది గోడలకు వేసే సున్నం, అంతే. దానికి తక్కువ పెట్టి తక్కినవాటికి ఎక్కువ పెట్టుకోండి. అన్నిటికన్నా ముందు ప్రాసెసరూ బోర్డూ ఒకదానికొకటి పొత్తు కుదరాల. అది నేను చూసుకుంటా."

ప్రాసెసరుతో మొదలుపెట్టాం. అందులో నాలుగు కోర్లున్నాయని, అంటే నలుగురు వంటవాళ్లతో సమానమని ఖాదర్ వలీ చెప్పాడు. కోదండపాణి గారు కాసేపు కళ్లు మూసుకున్నారు.

"మన కార్యాలయమునకు మంజూరైన పోస్టులు ఐదు. నాలుగు వరకు అభ్యంతరము లేదు. ఆరు ఉన్నచో ఆర్థిక శాఖ వారి ముందస్తు అనుమతి తీసుకొనవలసి యుండెడిది" అన్నారు.

ప్రాసెసరు డబ్బాలోనే దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను వచ్చింది. దానికి వేరే బిల్లు లేదని తెలిసి ఇందుమతి గారు కుర్చీలోంచి లేచారు. బిల్లు లేకుండా వచ్చిన వస్తువు కానుక కిందికి వస్తుందని, కానుక పుచ్చుకుంటే అవినీతి నిరోధానికి సంబంధించిన ఫారం నింపాలని ఆమె అన్నారు. చివరికి ఖాదర్ వలీ ఆ ఫ్యానుకు ఒక రూపాయి బిల్లు రాసి గండం గట్టెక్కించాడు.

ర్యామ్ దగ్గర మరో చిక్కు. ఎనిమిది జీబీ ముక్క ఒకటి పెట్టేకంటే నాలుగేసి జీబీలవి రెండు పెడితే పని చురుగ్గా సాగుతుందని ఖాదర్ వలీ అన్నాడు.

"ఒకే రోజున ఒకే రకపు వస్తువులు రెండు కొనుట విభజన కొనుగోలు అగును. అది తీవ్రమైన నేరము" అన్నారు కోదండపాణి గారు. కంప్యూటరును ఆరు ముక్కలు చేసి కొనడం ఏమవుతుందని నాకొక అనుమానం వచ్చింది గానీ, అనుమానాలు నా హోదాకు మించిన పని. ర్యామ్ ఒకటే తీసుకున్నాం.

పెట్టె విషయంలో మాత్రం ఆయన ఖాదర్ వలీ మాట వినలేదు. "పై అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు చూచునది పెట్టెనే కదా. లోపలి వంటమనిషిని ఎవరు చూచెదరు" అని, పక్కన అద్దం, లోపల రంగురంగుల దీపాలు ఉన్నదాన్ని ఏరారు. నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఆ లోటు పవర్ సప్లైలో పూడ్చుకుందామని ఆయన అంటుండగా జిలానీ అడ్డం పడ్డాడు. "సార్, పొయ్యి కాడ కక్కుర్తి పడొద్దు. పోయినేడు చవక బ్యాటరీ వేయించి ములకలచెరువు కాడ జీపు తోసినాం. మీరు కూడా తోసినారు." కోదండపాణి గారికి ఆ ఎండ గుర్తొచ్చినట్టుంది. పవర్ సప్లై మంచిదే కొన్నాం. ఆ రోజు మొత్తంలో బుర్ర పెట్టి తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

తక్కినవి మా గోడౌనులో ఉన్నాయి. ఏదో పాత పథకం కింద మానిటరు, కీబోర్డు, ప్రింటరు మాత్రం వచ్చి, కంప్యూటరు రాకుండా పథకం ముగిసిపోయింది. ఖాదర్ వలీ వచ్చి దుమ్ము దులిపి కలిపి చూస్తే అన్నీ పనిచేశాయి. "చింత చచ్చినా పులుపు చావలేదు సార్" అన్నాడు. మా మండలి గురించి ఇంత మంచిమాట ఇంతకుముందు ఎవరూ అనలేదు.

అన్నీ బిగించి మీట నొక్కగానే పెట్టె లోపల దీపాలు వెలిగాయి. వరండాలో కూర్చున్న రెడ్డెమ్మ లేచి కిటికీలోంచి చూసింది. నేను ఆమె దరఖాస్తు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఇందుమతి గారు స్టాకు రిజిస్టరు పట్టుకుని వచ్చారు.

"ఇది కంప్యూటరుగా కొనలేదు కాబట్టి కంప్యూటరుగా ఎక్కించలేను. ఆరు వస్తువులుగా ఎక్కించాను. ఇప్పుడు ఇరవై ఏడో నిబంధన చూడండి" అన్నారు.

ఇరవై ఏడో నిబంధన నాకు కంఠతా వచ్చు. చేతిలో ఇమిడే విలువైన ప్రతి వస్తువునూ ఒక్కో ఉద్యోగి స్వయంగా తన అధీనంలో ఉంచుకోవాలి. సాయంత్రం తాళం వేసుకోవాలి, లేదా ఇంటికి తీసుకుపోవాలి. ఊరు దాటినా, ఆఫీసు గడప దాటినా వస్తువు వెంట ఉండాలి. ఒకరి వస్తువును మరొకరు ముట్టుకోరాదు. ఒకరికి ఒకటికి మించి ఇవ్వరాదు. పూర్వం ఎవరో ఉద్యోగి మండలి తాలూకు రెండు తక్కెడ రాళ్లతో ఊరు విడిచిపోయినప్పుడు పెట్టిన నిబంధన అది.

పెట్టె చేతిలో ఇమడదు కాబట్టి దాన్ని ఫర్నిచరు కింద జమకట్టి బల్లకు గొలుసుతో కట్టేశాం. రూపాయి ఫ్యాను విలువైన వస్తువు కిందికి రాదు. మిగిలినవి ఐదు ముక్కలు. మేం ఐదుగురం. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకున్నాం. ఇల్లు కాబట్టి మదర్‌బోర్డు కోదండపాణి గారికి. ప్రాసెసరు ఇందుమతి గారికి. పొయ్యిని కాపాడినవాడు కాబట్టి పవర్ సప్లై జిలానీకి. కరెంటు పోతే ర్యామ్ అన్నీ మర్చిపోతుందని ఖాదర్ వలీ చెప్పగానే అందరూ నా వైపు చూశారు. డిస్కు ఏదీ మర్చిపోదన్నాడు, అది ఎర్రప్పకు వెళ్లింది. ఆఫీసులో ఎవరు ఎప్పుడు ఎంత చేబదులు తీసుకున్నారో ఎర్రప్పకు పాతికేళ్లవీ గుర్తే.

ప్రతి ముక్క మీదా తెల్లరంగుతో స్టాకు నంబరు రాయించాం. ఎర్రప్ప సన్న కుంచెతో శ్రద్ధగా రాశాడు. ప్రాసెసరు మీద 'రా.చిం.ఉ.అ.మం.' వరకే పట్టింది, మదనపల్లె పట్టలేదు. మర్నాడు ఖాదర్ వలీ వచ్చి ఆ రంగంతా స్పిరిట్‌తో తుడుస్తూ ఏమీ అనలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దువా చదువుతున్నాడని అనుకున్నాను.

ఆ రోజు నుంచి మా ఆఫీసు పద్ధతి ఇది. ఉదయం పదిన్నరకు ఐదుగురం పెట్టె చుట్టూ చేరతాం. మొదట కోదండపాణి గారు బ్రీఫ్‌కేసులోంచి మదర్‌బోర్డు తీసి నేలమీద మోకరిల్లి మరలు బిగిస్తారు. ఆయన హోదాగల మనిషి మరలు బిగించడం చూడటానికి మొదటివారం పక్క ఆఫీసులవాళ్లు వచ్చారు. తర్వాత ఇందుమతి గారు కుంకుమ భరిణెలోంచి ప్రాసెసరు తీసి గూట్లో పెట్టి, దాని మీద వేడిని లాగే బూడిదరంగు పేస్టు బియ్యపుగింజంత రాసి, ఫ్యాను బిగిస్తారు. నేను కళ్లజోడు పెట్టెలోంచి ర్యామ్ తీసి నొక్కుతాను. ఎర్రప్ప రొంటిన ఉన్న డిస్కు తీస్తాడు. చివరగా జిలానీ టిఫిను క్యారియరు సంచిలోంచి పవర్ సప్లై తెచ్చి తగిలిస్తాడు. మొదట్లో గంటన్నర పట్టేది. మార్చి మధ్యకు పద్దెనిమిది నిమిషాల్లో ముగించేవాళ్లం. సాయంత్రం నాలుగున్నరకు విప్పడం మొదలు.

ఇన్ని చేతుల మీద నడిచే పని కదా, రోజుకొకటి అడ్డం వచ్చేది. ముక్కలన్నీ కలిసిన రోజున కరెంటు ఉండేది కాదు.

మొదటివారం పేస్టు అయిపోయింది. ఒక్కసారి రాస్తే ఏళ్ల తరబడి ఉండేదాన్ని మేం రోజూ రాసి తుడుస్తున్నాం. అది ఖర్చయిపోయే సరుకు కాబట్టి వేరే ఇండెంటు పెట్టాలి. ఇండెంటు ఫారం కంప్యూటరులో ఉంది. మూడు రోజులు చూసి ఖాదర్ వలీ సొంతంగా ఒక ట్యూబు తెచ్చి కిటికీలోంచి విసిరి వెళ్లిపోయాడు. విసిరింది కాబట్టి అది కానుక కాదని, దొరికిన వస్తువని ఇందుమతి గారు తేల్చారు.

రెండోవారం ఆమె మేనకోడలి సీమంతానికి ప్రొద్దుటూరు వెళ్లారు. భరిణె కూడా వెళ్లింది. ఆ తర్వాత కోదండపాణి గారికి తిరుపతిలో సమీక్షా సమావేశం పడింది. జిలానీ జీపు నడిపాడు. ఇల్లూ పొయ్యీ రెండూ తిరుపతి వెళ్లి, కొండెక్కి, దర్శనం చేసుకుని వచ్చాయి. ఇంతలో ఎర్రప్పకు జ్వరం.

రెడ్డెమ్మ రోజూ వచ్చేది. నిమ్మనపల్లె బస్సు దిగి తొమ్మిదిన్నరకల్లా వరండాలో కూర్చునేది. మొదట్లో "పర్మిట్టు అయిందా సార్" అని అడిగేది. పది రోజులు పోయేసరికి ఆ ప్రశ్న మానేసింది.

"ఈపొద్దు ఏ ముక్క రాలేదు సార్" అని అడిగేది.

"డిస్కు రాలేదమ్మా. జ్వరం."

"అటకేనా. పోయిన మంగళారం పొయ్యి రాలేదు."

ఒకరోజు ఆమె నన్ను నిలదీసింది. "నాకు తెలీక అడుగుతాండా సార్. ఒకటిగా ఉండే వస్తువును ఇట్ల ముక్కలెందుకు చేసినారు?"

ఇరవై ఆరేళ్ల అనుభవమంతా కూడగట్టుకుని చెప్పాను. "మొత్తంగా అయితే టెండరు కావాలమ్మా. ముక్కలైతే అక్కర్లేదు. ఒక్కో ముక్కకు ఒక్కో మనిషి బాధ్యుడు. నిబంధన అంటే అదే."

ఆమె గోడ మీది ఎర్రరాతల వైపు చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత కొంగులోంచి చిన్న చింతతొన తీసి నోట్లో వేసుకుని, "మబ్బు పడతాండాది సార్" అని లేచి వెళ్లింది.

నేను మెత్తని మనిషిని కాను. వరండాలో వేచి ఉండేవాళ్లను చూసీ చూసీ నా మనసు కాయకాచిపోయింది. అయినా ఆ పాకకున్న సగం కప్పు కళ్లముందు ఆడుతూనే ఉంది.

ఎవరైనా సెలవు పెడితే తక్కిన నలుగురి సమ్మతి పత్రాలు జతచేయాలని కోదండపాణి గారు మెమో ఇచ్చారు. దానికి ఫలితం కనిపించింది. మార్చి నెలాఖరుకు అందరం సమయానికి రావడం మొదలుపెట్టాం. భక్తి వల్ల కాదు. పది గంటల యాభై నిమిషాలకు వచ్చినవాడి వైపు మిగిలిన నలుగురు నేలమీద మోకాళ్లపై కూర్చుని ఎలా చూస్తారో అనుభవిస్తే తెలుస్తుంది. మా హాజరు నూటికి నూరు శాతం అయింది. నెలవారీ నివేదికలో ఆ అంకె వేసి హెడ్డాఫీసుకు పంపాం. అక్కడ దాన్ని ఎవరో చదివారు. ఇలా ఇంతకుముందు ఎన్నడూ జరగలేదు.

వెంటనే ఉత్తరం వచ్చింది. 'ఉద్యోగులందరు హాజరైననే గాని ప్రారంభము కాని కంప్యూటరు' అన్నది విప్లవాత్మకమైన పరిపాలనా సంస్కరణ అనీ, వేలిముద్ర యంత్రాలకు కోట్లు పోస్తున్న ఈ కాలంలో ఒక స్క్రూడ్రైవరుతో సాధించిన ఈ ఘనతను స్వయంగా పరిశీలించడానికి సంయుక్త సంచాలకులు ఏప్రిల్ నాలుగున విచ్చేస్తున్నారనీ అందులో ఉంది. దానికి 'మదనపల్లె నమూనా' అని పేరు కూడా పెట్టారు. తొలి పర్మిట్ ఆయన ఎదుటే ఇవ్వాలని కోదండపాణి గారు అప్పటిదాకా పర్మిట్లు ఆపించారు.

అప్పటికి రెడ్డెమ్మ రావడం మానేసి నాలుగు రోజులైంది. ఆమె చోటు వరండాలో ఖాళీగా ఉంటే, హాజరు పట్టీలో ఒకరు తగ్గినట్టు నాకు తోచేది.

ఏప్రిల్ నాలుగున సంయుక్త సంచాలకులు ఇద్దరు సిబ్బందితో, ఒక ఫొటోగ్రాఫరుతో వచ్చారు. బయట పడమర దిక్కున మబ్బు నల్లగా కమ్మింది. లోపల మేం ఇస్త్రీ బట్టల్లో వరసగా మోకరిల్లాం. ఇల్లు, వంటమనిషి, బండ, అటక, పొయ్యి. పదకొండు నిమిషాలు. ఎన్నడూ అంత వేగంగా చేయలేదు. దీపాలు వెలిగాయి. సంయుక్త సంచాలకులు చప్పట్లు కొట్టారు.

"ఇది యంత్రము కాదు, సామూహిక బాధ్యతకు సజీవ ప్రతీక" అన్నారు.

నమూనాగా ఒక పర్మిట్ ఇవ్వమన్నారు. అన్నిటికన్నా పాత దరఖాస్తు రెడ్డెమ్మది. ప్రింటరు కాసేపు మూలిగి, కాగితం బయటకు తోసింది. పర్మిట్ నంబరు ఒకటి. నలభై రోజుల తర్వాత. కోదండపాణి గారు సంతకం చేశారు, ఇందుమతి గారు ముద్ర కొట్టారు, ఫొటో తీశారు. లబ్ధిదారుకు తపాలాలో పంపమని చెప్పి పెద్దలు టీ తాగడానికి గదిలోకి వెళ్లారు.

నేను కిటికీలోంచి చూశాను. గాలి లేచింది. తపాలా అంటే మూడు రోజులు. మబ్బు అన్ని రోజులు ఆగేలా లేదు.

నేనేమీ ధిక్కారం చేయలేదని మనవి. అంతా నిబంధన ప్రకారమే చేశాను. ఆఫీసు గడప దాటే ఉద్యోగి తన వస్తువును వెంట తీసుకుపోవాలి. కంప్యూటరు ఆపాను. ర్యామ్ పీకి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాను. పర్మిట్ మడిచి జేబులో పెట్టుకుని, ఎర్రప్ప సైకిలెక్కి బస్టాండుకు బయలుదేరాను. నిమ్మనపల్లె బస్సు పట్టుకుని ఆమె చేతిలో కాగితం పెట్టి వద్దామన్నదే నా ఆలోచన.

నిమ్మనపల్లె దాకా పోనవసరం లేకపోయింది. రెడ్డెమ్మ బస్టాండులోనే ఉంది, పుంగనూరు బస్సు ఆగే చోట. ఆమె వెనక ఆడవాళ్లు. నేను లెక్కపెట్టలేక మధ్యలో వదిలేశాను. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గుడ్డసంచి. బస్టాండంతా పుల్లటి వాసన.

"రెడ్డెమ్మా, పర్మిట్" అన్నాను ఆయాసపడుతూ.

ఆమె కాగితం తీసుకుని ముద్ర చూసి నవ్వింది. "ఇంత అందంగా ఉంటాదా సార్ ఇది."

"ఇదంతా ఏమిటి?"

"నలభై ఐదు సంచులు సార్. సంచికి తొమ్మిది కిలోలు. కడపటి సంచిలో నాలుగే మిగిల్నాయి, అది మా పెద్దమ్మకిచ్చినాం, ఆమెకు మోకాళ్ల నొప్పి. పది కిలోల లోపల ఇంటివాడకమని మీ గోడ మీదనే రాసుండారు కదా. ఆడోళ్లకు టికెట్టు కూడా లేదు. పుంగనూరులో దిగి మళ్లా ఒకటిగా పోసుకుంటాం."

నిలబడి ఆ సంచులను చూశాను. ఏ ఒక్కటీ నిబంధన దాటలేదు.

"మీరే కదా సార్ చెప్పింది. మొత్తంగా అయితే కాగితం కావాల, ముక్కలైతే వద్దని. ఒక్కో ముక్కకు ఒక్కో మనిషని" అంది. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, నన్ను నొప్పించకూడదన్నట్టుగా, "మావాళ్లు నలభై ఐదు మందిలో ఒక్కరు గూడా సెలవు పెట్టలేదు సార్" అంది.

బస్సు వచ్చింది. పెద్దమ్మను ముందు ఎక్కించారు. రెడ్డెమ్మ తన సంచిలోంచి గుప్పెడు పండు తీసి, చుట్టడానికి ఏమీ దొరక్క చేతిలో ఉన్న కాగితంలోనే పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. అది మా పర్మిట్ నంబరు ఒకటి. మొదటి బస్సులో సగం మందే పట్టారు. మిగిలినవాళ్లు రెండో బస్సుకు నిలబడ్డారు. ఆ రెండో బస్సు కదిలిన పావుగంటకు వాన పడింది.

తడిసి ఆఫీసుకు వచ్చేసరికి అంతా అయిపోయింది. టీ తాగి వచ్చిన సంయుక్త సంచాలకులు మీట నొక్కితే పెట్టె దీపాలు వెలిగి, తెర మీద ఏమీ రాక, మూడుసార్లు కుయ్యిమని అరిచిందట. అందరి ముఖాలూ పాలిపోయాయట. ఆయన మాత్రం "ఎవరు లేరు?" అని అడిగి, చెంగల్రాయుడు లేడని తెలియగానే లేచి నిలబడి కోదండపాణి గారి చేయి ఊపేశారట.

"అద్భుతము. ఒక్క సీనియర్ అసిస్టెంటు గడప దాటిన మరుక్షణమే యంత్రము మొరపెట్టినది. ఇంతకు మించిన రుజువేమి కావలెను" అన్నారట.

వారం తర్వాత నాకొక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. అనుమతి లేకుండా ఆఫీసు విడిచి వెళ్లినందుకు సంజాయిషీ కోరుతూ మెమో ఒకటి. నమూనా విజయాన్ని ఆచరణలో నిరూపించినందుకు ప్రశంసాపత్రం ఒకటి. రెంటికీ తేదీ ఒకటే, సంతకమూ ఒకరిదే. ఇప్పుడు రాష్ట్రంలోని ఇరవై రెండు ప్రాంతీయ కార్యాలయాల్లో, టెండరు ద్వారా నిక్షేపంగా కొనుక్కున్న కంప్యూటర్లను విప్పి ముక్కలు పంచుకుంటున్నారు. ఖాదర్ వలీ పేస్టు ట్యూబులు పెట్టెల లెక్కన తెప్పిస్తున్నాడు.

రెడ్డెమ్మ పాకకు రెండో సగం కప్పు పడిందని జిలానీ చెప్పాడు. జీపులో ఆ దారిన పోతూ చూశాడట. కొత్త రేకులట, ఎండకు మెరుస్తున్నాయట.

ఆ రోజు వానలో తడవకుండా పొట్లాన్ని కళ్లజోడు పెట్టెలో పెట్టాను. ర్యామ్‌ను చొక్కా జేబులో వేసుకున్నాను. అది కొంచెం తడిసింది, తుడిస్తే పోయింది. పొట్లంలోని పండు మండలి పరిధిలోకి వచ్చే సరుకు, చుట్టిన కాగితం మండలి దస్తావేజు. రెంటినీ స్టాకు రిజిస్టరులో ఎక్కించి ఎవరో ఒకరి అధీనంలో పెట్టాల్సింది. ఎక్కించలేదు. ఇరవై ఆరేళ్లలో నేనలా చేయడం అదే మొదలు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఒక్కో తొన నోట్లో వేసుకుంటున్నాను. పండు ఎర్రగా, చక్కగా ఉంది.